నీలగిరికి దారి చూపినవాళ్లు

మేట్టుపాళయం దగ్గర భవాని వంతెన దాటగానే పోకతోటలు మొదలవుతాయి. మిట్టమధ్యాహ్నం కూడా ఆ తోటల్లో నేలమీద వెలుగు చుక్కలు చుక్కలుగానే పడుతుంది. ఇంకొంచెం ముందుకు పోతే దారి రెండుగా చీలుతుంది. ఊటీ వెళ్లే కార్లూ బస్సులూ దాదాపు అన్నీ కూనూరు వైపు మళ్లుతాయి. మేం కోటగిరి వైపు మళ్లాం. రెండు వందల ఏళ్ల కిందట నీలగిరిని బయటి లోకానికి చాటినవాళ్లు ఎక్కింది ఈ తూర్పు దిక్కునుంచే. వాళ్లకు దారి చూపిందెవరు, వాళ్లు పైకి వెళ్లి ఏం చేశారు, ఆ తర్వాత ఈ కొండలకు ఏమైంది అన్నవి పుస్తకాల్లో చదివినవే. ఆ వరసలోనే ఒక్కో చోటా నిలబడి చూడాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను.

నాది అనంతపురం జిల్లా. మాకు కొండంటే బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, పైన ఒక గుడి. వానాకాలంలో పదిరోజులు పచ్చబడి మళ్లీ ఎర్రబడే గుట్టలు. ఇక్కడ మలుపు మలుపుకూ గాలి మారిపోతోంది. అడుగున వెదురు, చింత. సగం దూరం ఎక్కేసరికి సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. ఇంకా పైకి పోతే కొండవాలు మొత్తం టీ. ఒక మలుపులో కారు ఆపి వెనక్కి చూస్తే కోయంబత్తూరు మైదానం పొగమంచులో పరుచుకుని ఉంది. అక్కడే ఎక్కడో భవాని ఒడ్డున సిరుముగై.

సిరుముగై దగ్గర బయల్దేరి 1819 జనవరిలో జాన్ సల్లివన్ కొండెక్కారు. అప్పటికి ఆయన కోయంబత్తూరు కలెక్టరు, వయసు ముప్ఫై. పైకి వెళ్లిన మొదటి తెల్లవాడు ఆయన కాదు. 1603లోనే ఫినీషియో అనే జెసూట్ పాదిరీ మలబారు వైపునుంచి ఎక్కి కొండమీది తోడా తెగవాళ్లను కలిసి వచ్చాడు. 1812లో విలియం కీస్, మక్‌మాన్ అనే సర్వేయర్లు వచ్చి పటం గీసుకుని పోయారు. ఆ పటం కచేరీ కాగితాల్లో కలిసిపోయింది. 1818లో సల్లివన్ కింద పనిచేసే విష్, కిండర్‌స్లీ అనే ఇద్దరు కుర్ర అధికారులు ఎక్కి దిగి, పైన చలి ఉందనీ మంచి నీళ్లున్నాయనీ చెబితే కలెక్టరుకు ఆశ పుట్టింది. మైదానంలో వేసవి సెగకు, జ్వరాలకు తోటి ఇంగ్లీషువాళ్లు రాలిపోతుండగా పక్కనే చల్లని కొండ ఉందని తెలిస్తే ఎవరికి పుట్టదు?

వీళ్లందరి పేర్లూ కాగితం మీద ఉన్నాయి. వీళ్ల ముందు నడిచినవాళ్ల పేర్లు లేవు. ఆ అడవిలో ఏ కాలిబాట ఎటు పోతుందో, ఏనుగులు ఏ వేళకు నీళ్లకు దిగుతాయో, ఏ వాగు ఎక్కడ దాటాలో దొరలకు తెలియదు. చెప్పినవాళ్లు ఈ కొండలవాళ్లే. కొండమీద అప్పటికే ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, మందలున్నాయి. హొయసల విష్ణువర్ధనుడి సేనాని పుణిస తోడాలను బెదరగొట్టి నీలాద్రిని పట్టుకున్నాడని 1117 నాటి శాసనమే ఉంది. అంటే దొరలు వచ్చేసరికి ఈ కొండ పేరు రాతికెక్కి ఏడు వందల ఏళ్లు. బడగలు రాగి, సామ పండించేవారు. తోడాలు బర్రెల్ని మేపేవారు. కోటాలు కుండలు చేసి, కొలిమి పని చేసి, చావుకీ పండుగకీ వాయిద్యాలు వాయించేవారు. కురుంబలు అడవినుంచి తేనె, మందుమొక్కలు తెచ్చేవారు. ధాన్యానికి నెయ్యి, కొడవలికి ధాన్యం ఇచ్చిపుచ్చుకుంటూ బతికిన పాత వ్యవస్థ అది.

కోటగిరి చేరేసరికి రోడ్డుకు రెండు పక్కలా తెల్లబట్టల్లో ఆడవాళ్లు గుంపులు గుంపులుగా నడుస్తున్నారు. తల్లులు, అవ్వలు, స్కూలు పిల్లలు, అందరివీ తెలుపే. జనవరిలో బడగల హెత్తె అమ్మవారి పండుగ. ఎక్కడా మైకుల మోత లేదు, తోపులాట లేదు. ఒక ముసలామె నడవలేక మైలురాయి మీద కూర్చుంటే గుంపు మొత్తం ఆగి ఆమె లేచేదాకా నిలబడింది. మా ఊరి జాతరల్లో నేను చూసిన హడావిడి తలుచుకుని ఆ నిదానానికి ముచ్చటేసింది.

మాకు తోడు వచ్చిన కుర్రవాడు వాళ్ల హట్టికి తీసుకుపోయాడు. హట్టి అంటే బడగల ఊరు. వరసగా ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ముందు అందరికీ కలిపి ఒక పొడుగాటి వాకిలి. గడప దగ్గర వాళ్ల నాయనమ్మ నిలబడి ఉంది. కుర్రవాడు తల వంచితే ఆమె అరచేయి నెత్తిమీద పెట్టి చాలాసేపు దీవించింది. మన దగ్గర కాళ్లకు దణ్ణం పెడితే పెద్దలు గబగబా రెండు ముక్కలని లేపేస్తారు. ఆమె తొందరపడలేదు. ఆ పిల్లవాడి ఆరోగ్యం, చదువు, వాడికి పుట్టబోయే పిల్లలు, ఇంటి పాడి అన్నీ ఆ దీవెనలో వరసగా వచ్చాయి. నేనూ తల వంచాను. చేయి నా తల మీదకూ వచ్చింది. బడగ మాట కన్నడానికి దగ్గర, మా మడకశిర వైపు కన్నడం వింటూ పెరిగిన చెవులు కాబట్టి సగం అర్థమైంది. ఇల్లు చల్లగా ఉండాలనింది, దారిలో ముల్లు గుచ్చుకోకూడదనింది.

భోజనానికి రాగిముద్ద, అనపగింజల కూర. కంచం చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది. సంక్రాంతి ముందు మా ఇళ్లలోనూ ఇదే వంట. అయితే ఆ కూరలో మేం వేసే ఎండుమిరప కారం కంటే ధనియాల వాసన ముందుంది, ఉర్లగడ్డ ముక్కలు కలిశాయి. ఆ ఉర్లగడ్డ సల్లివన్ తెచ్చిన పంటల్లో ఒకటని కుర్రవాడు గర్వంగా చెప్పాడు. నాయనమ్మ మాత్రం వాళ్ల తాతల కాలంలో ఈ వాలంతా రాగి, సామ చేలేననీ, ఇప్పుడు రాగి కొండ కిందనుంచి కొనుక్కుంటున్నామనీ చెప్పింది. టీ ఆకు కిలో ఎంత పలుకుతుందో ఏ నెలకు ఆ నెల చూసుకోవాల్సిందే. నాలుగెకరాల టీ ఉన్న ఇల్లు అది. ఆకు ధర పడిపోయిన ఏడాది కొడుకు కోయంబత్తూరులో పనికి పోయాడట.

కన్నేరిముక్కు అక్కడికి దగ్గరే. 1819లో సల్లివన్ కట్టుకున్న తొలి బంగళా అక్కడ ఉంది. దిమ్మహట్టి పక్కన, రాయీ మట్టీ కలిపి లేపిన చిన్న ఇల్లు. చాలా ఏళ్లు పాడుబడి ఉండి, బాగుచేశాక ఇప్పుడు స్మారక భవనంగా, నీలగిరి చరిత్రకు చిన్న మ్యూజియంగా ఉంది. గోడలు నా చెయ్యి మోచేతి దాకా పెట్టినా చాలనంత మందం. కిటికీలు చిన్నవి. జిల్లాకే యజమాని అనదగ్గ కలెక్టరు ఇంత ఇరుకు ఇంట్లో ఎలా ఉన్నాడా అనిపించి బయటికి వచ్చి చూస్తే లోయ మొత్తం కళ్లముందుంది. ఊటీకి ఏటా వచ్చే లక్షల మందిలో ఇటు వచ్చేవాళ్లు చాలా తక్కువ. మేం ఉన్నంతసేపూ ఇంకెవరూ రాలేదు.

ఈ ఇంట్లో మొదలైన ప్రచారం అంతా ఇంతా కాదు. అదే ఏడాది పుదుచ్చేరినుంచి లెషెనో అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బతుకుమీద ఆశ లేని స్థితిలో కొండెక్కి, కోలుకుని, మొక్కలు సేకరించుకుంటూ తిరిగాడు. సల్లివన్‌కు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? జబ్బుపడ్డ సిపాయిల్ని ఇక్కడికి పంపండని మద్రాసుకు రాస్తూనే ఉన్నారు. సిరుముగైనుంచి దిమ్మహట్టికి మక్‌ఫర్సన్ అనే అధికారి చేత 1821లో దారి వేయించడం మొదలుపెడితే 1823కు పూర్తయింది. ఆ రెండేళ్లూ అడవి జ్వరాల మధ్య గుట్టలు తొలిచిన కూలీల పేర్లు కూడా ఎక్కడా లేవు.

కోటగిరినుంచి ఊటీ దారిలో దొడ్డబెట్ట భుజం మీదుగా పోవాలి. 2637 మీటర్ల శిఖరం అది, నీలగిరిలో అన్నిటికంటే ఎత్తయినది. పొద్దుటి మంచు గడ్డి కొసల మీద ఇంకా కరగలేదు. రోడ్డు పక్క బడ్డీలో వేడి టీ, వర్కీ దొరికాయి. పొరలు పొరలుగా పెళపెళలాడే ఈ బిస్కత్తుకు ఊటీ పెట్టింది పేరు. బడ్డీ అతను మేం తెలుగువాళ్లమని మాటను బట్టి పట్టి, మన సినిమాల షూటింగులు ఎక్కడెక్కడ జరిగాయో వేలు పెట్టి చూపించాడు. డబ్బులు తీసుకునేటప్పుడు చలికి చేతులు వణుకుతున్న మా పిల్లదాన్ని పిలిచి కుంపటి దగ్గర కూర్చోబెట్టాడు. అడక్కుండానే.

ఊటీలో అందరూ ముందు చెరువుకే పోతారు. అది దేవుడిచ్చిన చెరువు కాదు, 1823 నుంచి 1825 దాకా వాగుకు అడ్డకట్ట వేసి సల్లివన్ నింపించినది. అప్పటికది ఇంకా పెద్దది. ఇప్పటి బస్టాండు, పాత గుర్రప్పందేల మైదానం ఉన్న చోటు ఒకప్పుడు చెరువే. చెరువుకంటే ముందే, 1822లో, ఆయన స్టోన్‌హౌస్ మొదలుపెట్టారు. ఊటీలో తొలి యూరోపియన్ ఇల్లు. బడగలు దాన్ని కల్ బంగళా అన్నారు. ఆ ఇల్లు ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆవరణలో ఉంది. పుస్తకాలు గుండెకు హత్తుకుని పోతున్న ఆడపిల్లల్ని స్టోన్‌హౌస్ ఎక్కడమ్మా అని అడిగితే చదువుకునే గదులు దాటించి అక్కడిదాకా వచ్చి చూపించి పోయారు.

ఈ ఇంటి గురించి తెలుగువాడిగా నాకు ఇంకో ఆసక్తి ఉంది. 1826 సెప్టెంబరులో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఇక్కడికి సల్లివన్ అతిథిగా వచ్చారు. మన్రో అంటే మాకు పరాయి దొర కాదు. 1800 నుంచి ఏడేళ్లు దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. ఊరూరా తిరిగి రైత్వారీ పద్ధతి పాతినవాడు. మా వైపు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న ఇళ్లుండేవి. ఈ కొండల గాలి, పూలు, చలిమంటల గురించి ఆయన ఇంగ్లండులో ఉన్న భార్యకు సంతోషంగా ఉత్తరం రాశారు. ఏడాది తిరక్కముందే, 1827 జూలై 6న, మా పొరుగునే పత్తికొండలో కలరాతో పోయారు. పదవి దిగి ఇంటికి పోయేముందు పాత జిల్లా రైతుల్ని ఒకసారి చూసిపోదామని వచ్చి అక్కడే ప్రాణం విడిచారు. గుత్తిలో ఆయన్ను పాతిపెట్టిన చోటు నేను చూశాను. తర్వాత అస్థికల్ని మద్రాసు కోటలోకి మార్చారు. స్టోన్‌హౌస్ ముందు నిలబడితే ఈ చలికీ ఆ పత్తికొండ ఎండకూ మధ్య ఉన్న దూరం గుండెకు తగిలింది.

మన్రో తర్వాత గవర్నరుగా వచ్చిన లషింగ్టన్‌కు నీలగిరి మీద సల్లివన్ కంటే మక్కువ ఎక్కువ. సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఆయన కట్టించినదే. 1829లో పునాది పడింది. లోపల తలెత్తి చూస్తే నల్లబడిన టేకు దూలాలు కనిపిస్తాయి. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మహలు విప్పి, అక్కడినుంచి ఈ కొండమీదికి చేర్చిన దూలాలవి. ఓడిన రాజు ఇంటి దూలం గెలిచినవాళ్ల గుడికి వాసం. కాసేపు మెడ నొప్పి పుట్టేదాకా వాటినే చూశాను.

చర్చి వెనక వాలులో సమాధులు. సల్లివన్ భార్య హెన్రియెట్టా, కూతురు హ్యారియట్ ఇక్కడే ఉన్నారు. ఆయన మాత్రం 1855లో ఇంగ్లండులో పోయారు. ఊటీని లోకానికి చూపించి, ఇక్కడ ఇద్దరిని మట్టికి ఇచ్చి, ఉత్తచేతులతో వెళ్లిన మనిషి. వెళ్లాక ఊరుకోలేదు. ఈ దేశపు పరిపాలనలో ఈ దేశస్థులకే చోటుండాలని వాదించారు. గంగ ఒడ్డున ఉన్న మంచినంతా స్పాంజిలా పీల్చి థేమ్స్ ఒడ్డున పిండుతున్న పాలన మాది అని కంపెనీ పాలన గురించి చెప్పిన అధికారి ఈయనే. ఆ మాట మనం చరిత్ర పాఠాల్లో చదువుకున్నాం. చెప్పింది ఊటీ కట్టిన సల్లివనే అని మా మేష్టరు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పాఠం మాకు ఇంకా బాగా తలకెక్కేది.

నా మట్టుకు నాకు ఆయన గొప్పతనం చెరువులోనూ తోటల్లోనూ కనిపించలేదు. అది చూడాలంటే తోడాల మందుకు పోవాలి. బొటానికల్ గార్డెన్ పైవాలున ఒక మందు ఉంది. మందు అంటే నాలుగైదు ఇళ్లు, ఒక గుడి, బర్రెల దొడ్డి. పాతకాలపు తోడా ఇల్లు ఒకటి నిలబెట్టి ఉంచారు. వెదురు వంచి, పేము కట్టి, గడ్డి కప్పిన అర్ధచంద్రాకారపు ఇల్లు. వాకిలి ఎంత చిన్నదంటే మోకాళ్ల మీద పాకితేనే లోపలికి పోగలం. మనుషులు మాత్రం పక్కన సిమెంటు ఇళ్లలో ఉంటున్నారు. గుడి దగ్గరికి పరాయివాళ్లు పోకూడదు. అడిగితే నవ్వుతూనే వద్దన్నారు, నవ్వు చూసి మళ్లీ అడగబుద్ధి కాలేదు.

అరుగుమీద ఒకామె పుత్తుకుళి కుడుతోంది. తెల్లటి మందపాటి నూలు దుప్పటి, ఎర్ర దారం, నల్ల దారం, ఒక సూది. గుడ్డమీద గీత లేదు, చట్రం లేదు. వేలితో పోగులు లెక్కపెడుతూ, తిరగవైపునుంచి కుడుతోంది. ఒక వరస అయ్యాక గుడ్డను వేలిమీద కొంచెం లాగి చూసుకుంటోంది. పోగు లెక్క ఒక్కటి తప్పినా పువ్వు వంకర పోతుందట. పూర్తయ్యాక దారం ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది, నేసినట్టే ఉంటుంది గానీ కుట్టినట్టు ఉండదు. 2013లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక దుప్పటికి నెలలు పడుతుందని చెప్పి, ధర అడిగేలోపే ఇది అమ్మేది కాదు, మా అత్తకు అనింది. పెద్దలు పోయినప్పుడు కూడా ఈ దుప్పటే కప్పి సాగనంపుతారు.

ఇప్పుడు ఊటీ ఉన్న నేలంతా వీళ్ల బర్రెలు మేసిన గడ్డిబీడు. సల్లివన్ దాన్ని ఎకరాకు ఒక్క రూపాయి లెక్కన కొన్నారని చెబుతారు. ఆయన వెనక వచ్చినవాళ్లు ఆ రూపాయి కూడా దండగనుకున్నారు. నేల సర్కారుది, తోడాలకు మేత హక్కు తప్ప ఏమీ లేదన్నారు. సల్లివన్ ఒప్పుకోలేదు. ఈ నేలకు యజమానులు తోడాలు, వాళ్లను అడక్కుండా, పరిహారం ఇవ్వకుండా తీసుకోవడం అన్యాయం అని పైవాళ్లతో పోట్లాడారు. లషింగ్టన్‌తో ఆయనకు పడలేదు. 1830లో నీలగిరిలో పెద్ద భాగాన్ని కోయంబత్తూరు జిల్లానుంచి తీసి మలబారులో కలిపేశారు. అంటే సల్లివన్ చేతినుంచి తీసేశారు. మళ్లీ 1843లో గానీ కోయంబత్తూరుకు రాలేదు.

ఆయన్ను కొలిచేవాళ్లు, తిట్టేవాళ్లు ఇద్దరూ ఇక్కడ ఆగాలి. దారి వేసింది ఆయనే. ఆ దారిన వచ్చినవాళ్లు ఏం చేస్తారో చూసి అడ్డుపడబోయిందీ ఆయనే. అడ్డుపడలేకపోయారు. దారి వేయకుండా ఉండాల్సిందా అంటే ఆయన కాకపోతే ఇంకొకరు వేసేవారు, ఆ ఇంకొకరు తోడాల మాట ఎత్తేవారు కాదు. ఆయన గెలవలేకపోయిన పోరాటాన్ని కూడా నేను లెక్కలోకి తీసుకుంటాను, చెరువుకంటే ఎక్కువగానే తీసుకుంటాను.

మర్నాడు అవలాంచి వైపు పోయాం. ఊటీ చుట్టూ అడవి అని మనం మురిసిపోయే చెట్లలో చాలావరకు నీలగిరి చెట్లే, అంటే యూకలిప్టస్. 1843లో ఆస్ట్రేలియానుంచి తెచ్చి వంటచెరకు కోసం నాటారు. వాటితోపాటు తుమ్మజాతి వాటిల్, పైన్. ఈ కొండల అసలు రూపం అవలాంచిలో చూశాను. పైనంతా గడ్డి, గుట్టల మడతల్లో మాత్రం పొట్టి చెట్ల దట్టమైన తోపు. దాన్నే షోలా అంటారు. షోలాలో అడుగుపెడితే కాలికింద నేల మెత్తగా కుంగుతుంది. కొమ్మలకు నాచు గడ్డంలా వేలాడుతుంది. వాన లేదు, అయినా ఎక్కడినుంచో నీళ్లు జారుతున్న చప్పుడు. కురిసిన నీళ్లను ఈ గడ్డీ ఈ తోపూ పట్టి ఉంచి ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా వదులుతాయి. భవానికి, మోయారుకు, వాటినుంచి కావేరికి పోయే నీళ్లు ఇవే. పన్నెండేళ్లకొకసారి నీలకురింజి పూసేదీ ఈ గడ్డి వాలుల్లోనే.

మాతో వచ్చిన అటవీశాఖ వాచర్ ఒక వాలు చూపించాడు. వాటిల్ నరికి, మొలకల్ని చేత్తో పీకి, గడ్డి నాటిన చోటు అది. నరికితే పోదు, భూమిలో విత్తనాలు ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయన్నాడు. మాట్లాడుతూనే వంగి రెండు మొలకలు పీకి పక్కన పడేశాడు. గడ్డి ఏ రకం ఎక్కడ నాటాలో మీకెలా తెలుసని అడిగాను.

"మాకు తెలీదు సార్. ఈ వాలున ఏ గడ్డి ఉండేదో, బర్రెలు ఏది మేసేవో తోడా పెద్దలకు తెలుసు. వాళ్లను పిలుచుకొచ్చి ముందు వాళ్లను నడవమంటాం. వాళ్లు ఆగిన చోట మేం గుంత తీస్తాం."

వాళ్ల పేర్లు ఎక్కడైనా రాసిపెట్టారా అన్నాను. హాజరు పుస్తకంలో ఉన్నాయన్నాడు. రోజుకూలి ఇవ్వాలంటే పేరూ వేలిముద్రా ఉండాలి కదా అన్నాడు.